మొండికేసిన యాక్సిల్ షాఫ్టు, కదలని డ్రమ్ము: లారీ బ్రేకుల పనిలో వీటిని ఎలా ఊడదీయాలి?

"నట్లన్నీ విప్పేశాం. అరగంట నుంచి సమ్మెటతో కొడుతున్నాం. యాక్సిల్ షాఫ్టు వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. ఏం చేయాలి?"

వానాకాలం మొదలైతే చాలు, ఈ ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వస్తుంది. షాఫ్టు కాకపోతే డ్రమ్ము, డ్రమ్ము కాకపోతే హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) నట్టు, అదీ కాకపోతే బ్రేకు షూలను ఒక చివర పట్టి ఉంచే యాంకర్ పిన్ను. అడిగేవారిలో సొంత లారీ నడుపుకునేవారున్నారు, కొత్తగా షెడ్డు తెరిచిన కుర్రాళ్లున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పి చెప్పి గొంతు పోయింది కాబట్టి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను పని నేర్చుకున్న షెడ్డు సముద్రానికి దగ్గర. చేపల లోడు లారీలు ఎక్కువగా వచ్చేవి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు కారి కారి వెనక యాక్సిల్ మొత్తం తుప్పు పొరలతో ఉబ్బిపోయి ఉండేది. ఒకరోజు అలాంటి డ్రమ్మును నేను బలమంతా పెట్టి బాదుతుంటే మా మేస్త్రి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ఆగరా. దాన్ని ఏది పట్టుకుని ఉందో ముందు చూడు, తర్వాత కొడుదువుగాని" అన్నారు. గీకి చూస్తే గ్రీజు, మట్టి కలిసి గట్టిపడిన పొర కింద ఒక స్క్రూ దాక్కుని ఉంది. ఈలోగా నా దెబ్బలకు డ్రమ్ము అంచు చిట్లింది. ఆ నెల జీతంలో సగం కొత్త డ్రమ్ముకే పోయింది. కింద రాసినదంతా ఆ స్క్రూ నేర్పిన చదువే.

ఇక్కడ చెప్పేది గాలి బ్రేకులు, ఎస్ ఆకారపు క్యామ్ (తిరిగి షూలను డ్రమ్ము వైపు విచ్చదీసేది), డ్రమ్ములు ఉన్న భారీ లారీల వెనక డ్రైవ్ యాక్సిల్ గురించి. వీటిలో బండి బరువంతా హబ్బు బేరింగుల మీదే ఉంటుంది. షాఫ్టు పని చక్రాన్ని తిప్పడం మాత్రమే. అందుకే చక్రం నేల మీద ఉండగానే షాఫ్టును బయటికి లాగేయవచ్చు. ఇంతకుమించి సిద్ధాంతం ఈ పనికి అక్కర్లేదు.

అసలు షాఫ్టు తీయాలా?

పానా పట్టుకునే ముందు ఇది తేల్చుకోండి. కొన్ని బండ్లలో డ్రమ్ము హబ్బుకు బయటి వైపున బిగించి ఉంటుంది. చక్రం తీసి, రెండు మూడు చిన్న స్క్రూలు విప్పితే డ్రమ్ము ఒక్కటే వచ్చేస్తుంది. షాఫ్టు, హబ్బు, బేరింగు, సీలు వేటినీ ముట్టుకోవలసిన పని లేదు. మరికొన్నింటిలో డ్రమ్ము హబ్బుకు వెనక వైపున ఉంటుంది. అక్కడ షాఫ్టు తీసి, హబ్బు నట్లు విప్పి, హబ్బునూ డ్రమ్మునూ కలిపి లాగాలి. చక్రం తీశాక డ్రమ్ము ముఖం హబ్బు అంచు మీద కూర్చుని కనిపిస్తే మొదటి రకం. డ్రమ్ము హబ్బు వెనక దాగి ఉంటే రెండోది. మొదటి రకం బండికి షాఫ్టు ఊడదీసి, గేర్ ఆయిల్ నేలపాలు చేసి, అప్పుడు "అయ్యో" అనుకున్నవారిని నేను చాలామందినే చూశాను. అయితే డ్రమ్ము లోపల గేర్ ఆయిల్ తడి కనిపిస్తే సీలు పోయినట్టు. అప్పుడు ఏ రకమైనా హబ్బు ఊడదీయాల్సిందే.

కావలసినవి

బరువుకు తగ్గ జాకీ, రెండు గట్టి స్టాండ్లు, ముందు చక్రాలకు అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మలు. హబ్బు నట్టుకు సరిపోయే పెద్ద బాక్సు పానా. దీన్ని కొనలేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి, ఉలితో మాత్రం సరిపెట్టుకోవద్దు. అంగుళంన్నర మందం ఉన్న ఇత్తడి కడ్డీ, సమ్మెట, మామూలు సుత్తి. దెబ్బ కొడితే తిరిగే స్క్రూ డ్రైవరు. షాఫ్టు అంచులోనూ డ్రమ్ములోనూ ఉండే మర రంధ్రాలకు సరిపోయే పొడవాటి బోల్టులు, రకానికి రెండు చొప్పున. తుప్పు వదిలించే స్ప్రే, ఇనుప బ్రష్షు, ఆయిల్ పట్టడానికి తట్ట. స్లాక్ అడ్జస్టరు (క్యామ్‌ను తిప్పుతూ, షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు సర్దే చెయ్యి) పుల్లరు. కొత్త ఆయిల్ సీళ్లు, కొత్త లాక్ వాషర్లు. డయల్ గేజి. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు. గ్యాస్ టార్చి ఉంటే సరే, కానీ అది చివరి అస్త్రం.

స్ప్రే దొరకని చోట డీజిల్ వాడవచ్చు. కాకపోతే దానికి రాత్రంతా సమయం ఇవ్వాలి. పని రేపు ఉందని తెలిస్తే ఈ సాయంత్రమే నట్ల మొదళ్లకు, డ్రమ్ము మధ్య అంచుకు పట్టించి వదిలేయండి. గంటసేపు సమ్మెట చేసే పని కంటే రాత్రంతా నూనె చేసే పని ఎక్కువ. ఒకటి గుర్తుంచుకోండి: నూనె పట్టించిన చోట తర్వాత టార్చి పెట్టాల్సి వస్తే ముందు శుభ్రంగా తుడిచేయాలి.

పని మొదలు

1. బండిని కదలకుండా చేయండి. గట్టి, సమమైన నేల మీద ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉంచండి. జాకీని క్రౌన్ గుండు (యాక్సిల్ మధ్యలో గేర్లుండే ఉబ్బు) కింద కాకుండా యాక్సిల్ గొట్టం కింద పెట్టి ఎత్తి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీద బండి ఉండగా కింద దూరవద్దు. ఇంకో మాట: షాఫ్టు తీశాక గేరు వేసినా బండి ఆగదు. పార్కింగు బ్రేకు కూడా విడిపిస్తాం. అప్పుడు బండిని ఆపి ఉంచేవి ఆ దిమ్మలే.

2. పార్కింగు స్ప్రింగును బంధించండి. వెనక ఉండే జంట బూస్టరులో (గాలితో బ్రేకు వేసే డబ్బా) ఒక భాగంలో బలమైన స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది. దాని ఒత్తిడి దాదాపు టన్ను. గాలి ఉన్నంతసేపు అది వెనక్కి ముడుచుకుని ఉంటుంది, గాలి పోగానే షూలను డ్రమ్ముకు అదిమేస్తుంది. "డ్రమ్ము రావడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో సగానికి ఇదే కారణం. ట్యాంకులో గాలి ఖాళీ అయింది, షూలు డ్రమ్మును కౌగిలించుకున్నాయి, మీరు బయటి నుంచి కొడుతున్నారు.

చేయవలసింది ఇది. ఇంజను నడిపి గాలి నింపండి, పార్కింగు బ్రేకు విడిపించండి. బూస్టరు పక్కన జేబులాంటి చోట ఒక పొడవాటి బోల్టు ఉంటుంది. వెనక మూత తీసి దాన్ని లోపలికి దూర్చి, పావు వంతు తిప్పితే లోపలి పలకకు చిక్కుకుంటుంది. నట్టు వేసి చేతి పానాతోనే బిగించండి, గాలి గన్ను వద్దు. గాలి ఉండగా చేస్తే నట్టు తేలిగ్గా తిరుగుతుంది. రెండు వైపులా బోల్టు బయటికి వచ్చిన పొడవు ఒకేలా ఉందేమో చూడండి. ఒకటి పొట్టిగా ఉంటే అక్కడ స్ప్రింగు పూర్తిగా ముడుచుకోలేదన్నమాట. ఆ తర్వాత ట్యాంకుల్లో గాలి వదిలేయండి.

బూస్టరు రెండు భాగాలనూ కలిపి పట్టిన క్లాంపును ఏ కారణంతోనూ విప్పవద్దు. ఆ స్ప్రింగు బయటికి దూకితే మనిషి మిగలడు. బూస్టరు పాడైతే మొత్తం మార్చండి. తుప్పు తిని, బోల్టు చిక్కుకునే పలక విరిగిపోయి ఉంటే దాని జోలికి వెళ్లకుండా తెలిసినవారిని పిలవండి.

3. స్లాక్ అడ్జస్టరును వదులు చేయండి. చేతితో సర్దే రకమైతే తాళపు రింగును పానాతో లోపలికి నొక్కి, షూలు వెనక్కి వచ్చే వైపు తిప్పండి. ఏ వైపో తెలియకపోతే క్యామ్ తలను చూస్తూ కొద్దిగా తిప్పండి. షూల చివర ఉండే రోలర్లు క్యామ్ పల్లంలోకి దిగుతుంటే దారి సరైనదే. తనంతట తాను సర్దుకునే రకమైతే వెనక్కి తిప్పేటప్పుడు గరగరమని శబ్దం చేస్తూ బరువుగా తిరుగుతుంది, అది సహజం. కొన్నింటిలో మాత్రం పక్కన ఒక చిన్న లాగుడు పిన్ను ఉంటుంది. దాన్ని ఎత్తి పట్టకుండా తిప్పితే లోపలి పళ్లు అరిగిపోతాయి, తర్వాత బ్రేకు సర్దుకోదు. ఏ రకానికైనా గాలి గన్ను వాడవద్దు.

డ్రమ్ము మాత్రమే తీయాల్సినవారు ఇక్కడి నుంచి ఆరో మెట్టుకు వెళ్లండి.

4. యాక్సిల్ షాఫ్టు. ఈ మెట్టు మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

ముందుగా ఎడమ షాఫ్టు, కుడి షాఫ్టు అని సుద్దతో రాసుకోండి. కొన్ని బండ్లలో పొడవులు వేరు. హబ్బు కింద తట్ట పెట్టి నట్లు విప్పండి. నట్టుతో పాటు స్టడ్డు కూడా ఊడి వస్తుంటే దాన్ని రానివ్వండి. బిగించేటప్పుడు స్టడ్డును విడిగా శుభ్రం చేసి, రెండు నట్లను ఒకదానికొకటి బిగించి, వాటి సాయంతో తిరిగి లోపలికి ఎక్కించవచ్చు.

ఇప్పుడు నట్లు ఉన్న చోట్లు దగ్గరగా చూడండి. చాలా యాక్సిళ్లలో ప్రతి స్టడ్డు చుట్టూ చీలిక ఉన్న ఒక కోను ముక్క ఉంటుంది. నట్టు బిగించే కొద్దీ అది స్టడ్డుకూ షాఫ్టు అంచుకూ మధ్య చీలలా దిగి బిగుసుకుంటుంది. నట్టు విప్పినంత మాత్రాన అది పట్టు వదలదు. షాఫ్టు రాకపోవడానికి మొదటి అనుమానితుడు ఈ కోనే. అది స్టడ్డు చుట్టూ సన్నని రింగులా మాత్రమే కనిపిస్తుంది కాబట్టి స్టడ్డులో భాగమే అనుకుని చాలామంది వదిలేస్తారు.

కోన్లను వదిలించే పద్ధతి: నట్లను పూర్తిగా తీసేయకుండా నాలుగైదు మరల మీద ఉంచండి. అలా ఉంచితే కోను ఎగిరి ముఖాన తగలదు. కళ్లద్దాలు పెట్టుకోండి. ఇత్తడి కడ్డీని షాఫ్టు ముఖానికి సరిగ్గా మధ్యలో ఆనించి, ఇంకొకరిని పట్టుకోమని, దాని మీద సమ్మెటతో ఒక గట్టి దెబ్బ వేయండి. నాలుగు దెబ్బలు మెల్లగా కొట్టడం కంటే ఒక్కటి గట్టిగా కొట్టడం మేలు. ఆ అదురుకు అంచు వణికి కోన్లు టక్కున ముందుకు జారుతాయి. ఒకటి రెండు మిగిలితే మళ్లీ మధ్యలోనే కొట్టండి.

ఇక చేయకూడనివి. షాఫ్టు అంచు మీద సమ్మెటతో నేరుగా కొట్టవద్దు, గట్టి ఉక్కు మీద ఉక్కు పడితే ముక్కలు బుల్లెట్లలా లేస్తాయి, అంచు వంగుతుంది. అంచుకూ హబ్బుకూ మధ్య ఉలి దిగ్గొట్టవద్దు. అలా చేస్తే షాఫ్టు ఆ రోజుకు వస్తుంది, కానీ ఆ గాటు గుండా జీవితకాలం ఆయిల్ కారుతుంది. రోడ్డు పక్క పనిలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. గాటు పడిన హబ్బుకు ఎంత గమ్ము పూసినా నిలవదు. షాఫ్టును టార్చితో కాల్చవద్దు. అది ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు, మళ్లీ కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది. అది విరిగేది మీ షెడ్డులో కాదు, లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు.

కోన్లన్నీ వచ్చాయి, అయినా షాఫ్టు రాలేదా? అయితే పట్టుకున్నది రెండింటిలో ఒకటి.

మొదటిది గమ్ము, తుప్పు. అంచులో మర ఉన్న రెండు రంధ్రాలు ఉంటాయి, మట్టితో పూడిపోయి కనిపించవు. గీకి శుభ్రం చేసి, పొడవాటి బోల్టులు వేసి, అటు అర చుట్టు, ఇటు అర చుట్టు చొప్పున బిగిస్తూ పోండి. ఒకటే పూర్తిగా బిగిస్తే షాఫ్టు వంకరగా ఇరుక్కుంటుంది. బోల్టులు బిగుసుకున్నాక ఒక్క నిమిషం ఆగి, కడ్డీ పెట్టి మధ్యలో ఒక దెబ్బ వేయండి. తోపు, అదురు కలిస్తే చాలావరకు అక్కడే వదిలేస్తుంది.

రెండోది మెలి. బండి గేరులో ఆగినప్పుడో, లోడు మీద ఇరుక్కున్నప్పుడో షాఫ్టు సన్నగా మెలిపడి, లోపలి చివర ఉన్న పళ్లు క్రౌన్ లోపలి సైడ్ గేరులో బిగుసుకుంటాయి. అప్పుడు బయటి నుంచి ఎంత లాగినా ప్రయోజనం లేదు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో మళ్లీ చూసి, అవతలి చక్రాన్ని కూడా నేల నుంచి లేపి ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఇటు లాగండి. మెలి విడితే షాఫ్టు చేతితోనే జారుతుంది.

మర రంధ్రాలే లేని అంచు అయితే స్టడ్డులకు సరిపడేలా ఒక మందపాటి పలక, దాని మధ్య నుంచి ఒక రాడ్డు, రాడ్డు మీద జారే బరువు వెల్డింగు చేయించుకోండి. బరువును బయటికి విసురుతూ లాగితే షాఫ్టు వస్తుంది. షెడ్డులో ఒక్కసారి చేయించుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

షాఫ్టు వచ్చాక లోపలి చివర పళ్లు పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి. మెలితిరిగినట్టు ఉన్న పళ్లు కనిపిస్తే దాన్ని తిరిగి వేయవద్దు. షాఫ్టు విరిగి ముక్క లోపలే ఉండిపోతే మొదట బలమైన అయస్కాంతంతో ప్రయత్నించండి. ఆ ముక్క మీద బిగుతుగా కూర్చునే గొట్టం దూర్చి లాగడం రెండో మార్గం. కొన్ని క్రౌన్లలో మధ్య క్రాసుకు రంధ్రం ఉంటుంది. అలాంటప్పుడు అవతలి షాఫ్టు కూడా తీసి, అటువైపు నుంచి పొడవాటి రాడ్డుతో నెట్టవచ్చు. ఇవేవీ పని చేయకపోతే క్రౌన్ దించాల్సిందే. ముక్క ఎలా వచ్చినా ఆ ఆయిల్ మొత్తం దించి లోపల కడగండి, విరిగిన చోట రాలిన ఉక్కు రజను బేరింగులను తినేస్తుంది.

5. హబ్బు నట్టు. లాక్ వాషరు రెక్కలను పూర్తిగా నిటారుగా చేయండి. ఒక్క రెక్క సగం వంగి ఉన్నా నట్టు "పట్టేసింది" అనిపిస్తుంది. బలం పెట్టే ముందు మర ఏ వైపో చూసుకోండి. కొన్ని పాత బండ్లలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, కొన్ని యాక్సిళ్లలో హబ్బు నట్లకూ అంతే. విప్పుతున్నామనుకుని బిగించేస్తాం.

నట్టు అంచు మీద ఉలి పెట్టి కొట్టి తిప్పే అలవాటు మన దగ్గర విపరీతం. అలా రాలిన ఇనుప పొట్టు నేరుగా బయటి బేరింగులోకి పోతుంది. ఆరు నెలల తర్వాత బేరింగు పోతే కంపెనీని తిట్టుకుంటాం. సరైన బాక్సు పానా, దానికి పొడవాటి గొట్టం చాలు. నిజంగానే మరలో బిగుసుకుపోయిన నట్టైతే, నట్టు మందంలో పొడవునా డ్రిల్లుతో రంధ్రం వేసి, కింది మరను తాకక ముందే ఆపి, అక్కడ ఉలితో చీల్చండి. నట్టు పోతుంది, స్పిండిల్ (బేరింగులు కూర్చునే యాక్సిల్ గొట్టం చివర) మిగులుతుంది. నట్టు ధర ఎంత, యాక్సిల్ గొట్టం ధర ఎంత?

హబ్బు లాగేటప్పుడు బయటి బేరింగు జారి కింద పడకుండా అరచేయి అడ్డం పెట్టండి. బరువు కాబట్టి ఒక్కరే మోయవద్దు. హబ్బును లాగాక లోపలి బేరింగు రింగు స్పిండిల్ మీదే ఉండిపోతే పుల్లరుతో తీయండి.

6. డ్రమ్ము. ముందు స్క్రూలు. హబ్బుకు డ్రమ్మును పట్టిన ఆ చిన్న స్క్రూలు ముఖంలోకి కూరుకుపోయి ఉంటాయి. ఇనుప బ్రష్షుతో ముఖమంతా గీకండి. స్క్రూ గాడిలో మట్టి తీసి, దెబ్బ కొడితే తిరిగే స్క్రూ డ్రైవరు పెట్టి నాలుగు దెబ్బలు వేయండి. మామూలు స్క్రూ డ్రైవరుతో ప్రయత్నిస్తే గాడి అరిగిపోతుంది, తర్వాత డ్రిల్లు వేయాల్సి వస్తుంది.

స్క్రూలు లేవు, అయినా రాలేదు. డ్రమ్మును తిప్పి చూడండి. అసలు తిరగకపోతే షూలు పట్టుకున్నాయి, రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ వెనక్కి వెళ్లండి. హాయిగా తిరుగుతూ అంగుళం దాకా బయటికి వచ్చి ఆగుతుంటే డ్రమ్ము లోపలి అంచున అరుగుదల వల్ల మిగిలిన గట్టు లైనింగులకు తగులుతోంది. స్లాక్ ఇంకా వెనక్కి తిప్పండి. తిరుగుతూ అసలు బయటికి రాకపోతే మధ్య అంచు తుప్పు పట్టుకుంది. ఈ మూడింటికీ మందులు వేరు. మందు వేరని తెలియక మూడింటికీ సమ్మెటే వాడతారు.

తుప్పు పట్టుకున్నదైతే మధ్య అంచు చుట్టూ స్ప్రే కొట్టి పావుగంట వదలండి. డ్రమ్ము ముఖంలో మర రంధ్రాలుంటే బోల్టులు వేసి సమంగా బిగించండి. సుత్తి వాడాల్సి వస్తే ముఖం మీద స్టడ్డుల మధ్య ఉన్న చోటులో, డ్రమ్మును తిప్పుతూ చుట్టూరా కొట్టండి. లోపలి అంచు మీద వెనక నుంచి కొట్టవద్దు. డ్రమ్ము పోత ఇనుము, వంగదు, పగులుతుంది. పగిలిన చిట్లు కంటికి కనపడకుండా ఉంటే ఇంకా ప్రమాదం.

టార్చి సంగతి. డ్రమ్ము ఎలాగూ పారేసేదే అయితేనే వాడండి. మధ్య అంచు చుట్టూ సమంగా తిప్పుతూ వేడి చేయండి, ఒకేచోట ఎర్రగా చేయవద్దు. చక్రం, టైరు దగ్గరలో ఉండగా టార్చి వెలిగించనే వద్దు. గాలి తీసిన టైరైనా సరే, రిమ్ము వేడెక్కితే లోపల రబ్బరు నుంచి వాయువులు పుట్టి పేలుతుంది. ఏబీఎస్ ఉన్న బండ్లలో హబ్బు వెనక ఉండే సెన్సరు తీగను ముందే పక్కకు లాగి కట్టండి.

డ్రమ్ము బయటికి వచ్చాక లోపలి దుమ్మును గాలి పైపుతో ఊదవద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, లేకపోయినా ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడి గుడ్డతో తుడవండి.

7. షూలు, యాంకర్ పిన్నులు, క్యామ్. రిటర్న్ స్ప్రింగు తీస్తే క్యామ్ వైపు షూ వదులవుతుంది. రెండో చివర పిన్ను రాకపోతే ముందు దాన్ని పట్టిన లాక్ బోల్టో రింగో ఉందేమో వెతకండి. అవన్నీ తీశాక కూడా రాకపోతే స్ప్రే పట్టించి, పిన్ను కంటే కొంచెం సన్నని కడ్డీతో కొట్టండి. పిన్ను తలను నేరుగా కొడితే అది పుట్టగొడుగులా విచ్చుకుని ఇంకా బిగుస్తుంది. అప్పటికీ రాకపోతే పిన్ను చుట్టూ ఉన్న బ్రాకెట్టును వేడి చేయండి, పిన్నును కాదు. సీలు ఇంకా స్పిండిల్ మీద ఉంటే తీసేశాకే.

క్యామ్ పళ్ల మీద స్లాక్ అడ్జస్టరు బిగుసుకుంటే పుల్లరే మార్గం. పక్క నుంచి సుత్తితో కొడితే లోపలి గేరు చెడిపోతుంది, ఆ సంగతి బండి రోడ్డెక్కాకే తెలుస్తుంది. క్యామ్‌ను చేతితో పైకీ కిందికీ ఆడించి చూడండి. ఆట 0.75 మిల్లీమీటరు దాటితే బుష్షులు మార్చండి. పాత బుష్షు మీద కొత్త లైనింగు వేస్తే ఒక వైపే అరుగుతుంది.

తిరిగి బిగించేటప్పుడు

డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం పోత పోసి ఉంటుంది. అది దాటితే డ్రమ్ము మార్చండి. లోపల సన్నని జాలీలాంటి గీతలు మామూలే, అంచు దాకా చీలిన పగులు ఉంటే మాత్రం అది పాత ఇనుము. లైనింగులు ఒక యాక్సిల్‌కు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఆయిల్ సీలు బాగానే కనిపించినా కొత్తది వేయండి. కోన్లు, షాఫ్టు అంచు, హబ్బు ముఖం పాత గమ్ము లేకుండా గీకి, కోన్లకు, డ్రమ్ము మధ్య అంచుకు మళ్లీ బిగుసుకుపోకుండా పలచగా యాంటీ సీజ్ పూత పూయండి. వచ్చేసారి ఈ పని చేసేవారు మీకు దండం పెడతారు. ఆ పూత లైనింగుకు గానీ డ్రమ్ము లోపలికి గానీ అంటకూడదు.

బేరింగు బిగింపు కంపెనీ పుస్తకంలో ఉన్న వరుసలోనే చేయండి. చివర డయల్ గేజితో హబ్బు ఆట కొలవండి. 0.025 నుంచి 0.125 మిల్లీమీటరు మధ్య ఉండాలి. "చెయ్యి చెబుతుంది" అనే మేస్త్రులను నేను గౌరవిస్తాను, కానీ ఆ తేడా చేతికి తెలియదు.

ఏబీఎస్ సెన్సరును హబ్బు ఎక్కించే ముందు చేతితో పూర్తిగా ముందుకు నెట్టి ఉంచండి. హబ్బు కూర్చుంటూ దాన్ని తనకు కావలసినంత వెనక్కి తోసుకుంటుంది. సుత్తితో తట్టవద్దు.

షాఫ్టు వేశాక చాలామంది మరిచిపోయేది హబ్బుల్లో ఆయిల్. క్రౌన్‌లో ఆయిల్ మట్టం నింపి, యాక్సిల్ ఒక వైపును అరడుగు ఎత్తి ఒక నిమిషం ఉంచండి, తర్వాత రెండో వైపు. ఆయిల్ గొట్టం గుండా పారి హబ్బుల్లోకి చేరుతుంది. బండిని సమంగా దించి మళ్లీ మట్టం చూస్తే తగ్గి ఉంటుంది. తిరిగి నింపండి. ఇది చేయకపోతే మొదటి కిలోమీటర్లలో బేరింగులు ఎండుగా తిరుగుతాయి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

బూస్టరు బంధనపు బోల్టులు రెండూ విప్పి, వాటి జేబుల్లో పెట్టారా? దీన్ని వదిలేసిన బండికి పార్కింగు బ్రేకు ఉండదు, ఆ సంగతి ఏటవాలులో ఆపినప్పుడు బయటపడుతుంది. నేను బోల్టు బిగించగానే స్టీరింగుకు ఒక గుడ్డ పీలిక కడతాను. అది ఉన్నంతవరకు బండి కదలదు.

తర్వాత బ్రేకు కొలత. గాలి నిండుగా నింపి ఇంజను ఆపండి, పార్కింగు విడిపించండి, చక్రాలకు దిమ్మలు ఉండాలి. బూస్టరు కడ్డీ బయటికి వచ్చే చోట సుద్దతో గీత గీసి, ట్యాంకులో ఆరు బార్ల దగ్గర గాలి ఉండగా ఒకరు పెడలు పూర్తిగా తొక్కాలి. గీత ఎంత జరిగిందో కొలవండి. 30 సైజు మామూలు బూస్టరుకు 50 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండు వైపులా కొలతలు దాదాపు ఒకేలా ఉండాలి. పెడలు వదిలాక చక్రం చేతితో తిప్పితే రాపిడి లేకుండా తిరగాలి.

ఖాళీ బండితో పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు మెల్లగా వాడుతూ లైనింగులను డ్రమ్ముకు అలవాటు పడనివ్వండి. ఆగి, ఒక్కో హబ్బు మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. మూడు ఊరుకుని ఒకటి మాత్రం సుయ్యిమంటే, అక్కడ షూ పట్టుకుని ఉంది లేదా బేరింగు ఎక్కువ బిగిసింది. షాఫ్టు అంచు చుట్టూ వేలితో తుడిచి చూడండి, ఆయిల్ తడి ఉండకూడదు. చక్రాల నట్లు వంద కిలోమీటర్లలోపు మరోసారి బిగించాలి, షాఫ్టు నట్లు కూడా ఆ రోజే. కోన్లు రోడ్డు మీద అదిరి ఇంకొంచెం లోపలికి దిగుతాయి, నట్టు అంతమేర వదులవుతుంది.